గృహాలలో ఏసీ సబ్ బోర్డు వైరింగు

ఏసీ సబ్ బోర్డు అనగా ఇంటిలోని ఎయిర్ కండిషనర్లకు మాత్రమే విద్యుత్తును పంచుటకు మెయిన్ బోర్డు నుండి వేరుగా ఏర్పాటు చేసే చిన్న పంపిణీ పెట్టె. ఎలక్ట్రీషియన్లు దీనిని సబ్ డీబీ అని, సామాన్యులు ఏసీల ఎంసీబీ బాక్సు అని వ్యవహరిస్తారు. ఈ బోర్డుకు వచ్చే తీగలు, బోర్డు నుండి ఒక్కొక్క ఏసీకి వెళ్ళే తీగలు ఎంత మందం ఉండాలి అన్నది లెక్కించి నిర్ణయించవలసిన విషయం. తీగ అవసరానికంటే సన్నగా ఉన్నచో గోడలోని పైపులోనే వేడెక్కి, దాని పైపొర మెత్తబడి, చివరకు అగ్నిప్రమాదానికి దారితీయవచ్చును. గుంటూరు, ప్రకాశం జిల్లాల మైదానాలలో ఈ లెక్కకు ప్రత్యేక ప్రాముఖ్యం కలదు. ఇక్కడ తీగను ఏసీ పెట్టెపై ముద్రించిన అంకెకు కాక, మే నెల మధ్యాహ్నపు పరిస్థితికి సరిపడేటట్లు ఎన్నుకోవలెను.

నేపథ్యం

పత్తి, మిర్చి పంటలకు పేరు పొందిన ఈ మైదాన ప్రాంతం 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్విభజన తరువాత గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాలలో విస్తరించి ఉన్నది. ఇక్కడ వేసవి ఎండలు తీవ్రంగా ఉంటాయి. పల్నాడులోని రెంటచింతల రాష్ట్రంలో అత్యధిక ఉష్ణోగ్రతలు నమోదయ్యే ఊళ్ళలో ఒకటిగా ప్రసిద్ధి చెందినది. మే నెలలో 45 డిగ్రీల సెల్సియస్ దాటడం ఈ ప్రాంతానికి కొత్త కాదు.

ఒకప్పుడు ఇళ్ళలో పంకాలు, తడిపిన వట్టివేళ్ళ తడికలు, ఆ తరువాత నీటి కూలర్లు మాత్రమే ఉండేవి. కాలక్రమంలో కిటికీ ఏసీలు, స్ప్లిట్ ఏసీలు, ఇన్వర్టర్ ఏసీలు పట్టణాలకే గాక పల్లెలకు కూడా చేరినవి. అయితే చాలా ఇళ్ళలో గోడల లోపలి వైరింగు మాత్రం దీపాలకు, పంకాలకు, ఒక ఫ్రిజ్జుకు సరిపడేటట్లు వేసినదే. మొదటి ఏసీని ఉన్న పవర్ ప్లగ్గుకే తగిలించడం, రెండవదానిని మరొక గదిలోని ప్లగ్గుకు తగిలించడం, మూడవది వచ్చేసరికి ఫ్యూజులు పోవడం తరచుగా కనబడే క్రమం. ఏసీలకు ప్రత్యేక సబ్ బోర్డు అవసరం ఇక్కడే ఏర్పడుతుంది.

ఈ జిల్లాలకు విద్యుత్ పంపిణీ 2000 నుండి తిరుపతి కేంద్రంగా గల దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ ఆధీనంలో ఉండెను. 2019లో విజయవాడ కేంద్రంగా ఆంధ్రప్రదేశ్ మధ్య ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ ఏర్పడిన తరువాత ఉమ్మడి కృష్ణా, గుంటూరు, ప్రకాశం జిల్లాలు దాని పరిధిలోనికి వచ్చినవి. గృహాలకు 50 హెర్ట్జ్ పౌనఃపున్యంతో సింగిల్ ఫేజ్‌లో 230 వోల్టుల విద్యుత్తు సరఫరా అవుతుంది.

సబ్ బోర్డు భాగాలు

సాధారణ గృహ ఏసీ సబ్ బోర్డులో ఈ క్రింది భాగాలు ఉంటాయి.

- మెయిన్ బోర్డు నుండి వచ్చే ప్రధాన తీగలు: ఫేజు, న్యూట్రల్, ఎర్తు. వీటిని ఫీడరు అంటారు. ఫీడరు బయలుదేరే చోట, అనగా మెయిన్ బోర్డులో, దానికి ప్రత్యేక ఎంసీబీ ఉండవలెను.
- సబ్ బోర్డు మొదట్లో మొత్తం సరఫరాను ఆపగల ఐసొలేటరు లేదా ఆర్‌సీసీబీ.
- ఒక్కొక్క ఏసీకి ఒక్కొక్క ఎంసీబీ.
- న్యూట్రల్ తీగలను, ఎర్తు తీగలను వేర్వేరుగా కలిపే రెండు ఇత్తడి పట్టీలు. సబ్ బోర్డులో ఈ రెండింటినీ ఒకదానితో ఒకటి కలపరాదు.
- ఎంసీబీల నుండి ఏసీల వరకు వెళ్ళే శాఖా తీగలు.

ఫేజుకు ఎరుపు, పసుపు లేదా నీలం, న్యూట్రల్‌కు నలుపు, ఎర్తుకు ఆకుపచ్చ రంగు తీగలను వాడడం మన దేశంలో ఆచారం.

ప్రాథమిక సూత్రాలు

తీగ గుండా విద్యుత్తు ప్రవహించినపుడు దాని నిరోధం వలన వేడి పుడుతుంది. ఈ వేడి విద్యుత్ ప్రవాహపు వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. అనగా ప్రవాహం రెట్టింపైతే వేడి నాలుగు రెట్లవుతుంది. తీగ నిరోధం దాని పొడవుకు అనులోమానుపాతంలోను, మధ్యచ్ఛేద వైశాల్యానికి విలోమానుపాతంలోను ఉంటుంది. అందువలన తీగ లావైన కొద్దీ నిరోధము, దానితోబాటు వేడి తగ్గుతాయి.

గృహాలలో వాడే సాధారణ పీవీసీ తీగల పైపొర 70 డిగ్రీల సెల్సియస్ వరకు మాత్రమే నిరంతరంగా తట్టుకోగలదు. అంతకు మించిన వేడిలో అది క్రమంగా పెళుసుబారి పగులుతుంది. ఈ కారణంగా తీగ ఎంపికలో మూడు నియమాలు పాటింపబడతాయి.

1. ఏసీ తీసుకొనే గరిష్ఠ ప్రవాహం కంటే ఎంసీబీ సామర్థ్యం తక్కువ కారాదు.
2. తీగ ఉన్న చోటి వేడిని, పక్కనున్న తీగలను లెక్కలోనికి తీసుకొన్న తరువాత కూడా తీగ మోయగల ప్రవాహం ఎంసీబీ సామర్థ్యం కంటే తక్కువ కారాదు.
3. తీగ పొడవునా జరిగే వోల్టేజి పతనం అనుమతించిన పరిమితికి లోబడి ఉండవలెను.

ఈ మూడింటిలో రెండవ నియమమే ఎక్కువగా ఉల్లంఘింపబడుతున్నది.

ఏసీ తీసుకొనే విద్యుత్ ప్రవాహం

ఏసీ సామర్థ్యాన్ని టన్నులలో చెబుతారు. ఒక టన్ను అనగా గంటకు 12,000 బీటీయూల వేడిని, అనగా సుమారు 3,517 వాట్ల వేడిని, గదిలో నుండి బయటకు తోడగల శక్తి. ఇది ఏసీ ఖర్చు చేసే విద్యుత్తు కాదు. ఒకటిన్నర టన్ను ఏసీ సుమారు 5.3 కిలోవాట్ల వేడిని తోడుతుంది కాని, అందుకు అది తీసుకొనే విద్యుత్తు రకాన్ని బట్టి సుమారు ఒకటిన్నర కిలోవాట్లు, అంతకు కొంచెం ఎక్కువ మాత్రమే. ఉదాహరణకు 1,700 వాట్ల ఏసీ 230 వోల్టుల వద్ద, పవర్ ఫ్యాక్టరు 0.95 అనుకొన్నచో, సుమారు 7.8 ఆంపియర్ల ప్రవాహాన్ని తీసుకొంటుంది.

అయితే ఏసీపై ముద్రించిన ఈ సాధారణ అంకె బయటి గాలి 35 డిగ్రీలు ఉన్నపుడు కొలిచినది. మైదాన ప్రాంతపు వేసవిలో ఈ అంకె పెరగడానికి మూడు కారణాలు ఉన్నాయి.

బయటి ఎండ: ఏసీ బయటి పెట్టె తన వేడిని బయటి గాలిలోనికి వదలవలెను. ఆ గాలియే 45 డిగ్రీలు ఉన్నపుడు కంప్రెసరు మరింత ఒత్తిడితో పనిచేయవలసి వస్తుంది, ప్రవాహం పెరుగుతుంది.

దుమ్ము మరియు నూగు: పత్తి మిల్లులు, మిర్చి కల్లాలు ఉన్న పరిసరాలలో గాలిలో దూది నూగు, దుమ్ము ఎక్కువ. ఇవి బయటి పెట్టెలోని సన్నని రేకుల మధ్య పేరుకొని గాలిని అడ్డగిస్తాయి. ఫలితం ఎండ పెరిగినట్లే ఉంటుంది.

తక్కువ వోల్టేజి: వేసవిలో అందరూ ఒకేసారి ఏసీలు, పంకాలు, మోటార్లు వాడడం వలన పొడవైన లైన్ల చివర వోల్టేజి పడిపోతుంది. స్టెబిలైజరు ఏసీకి 230 వోల్టులు అందించగలదు కాని, అందుకు బదులుగా గోడలోని తీగ నుండి ఎక్కువ ప్రవాహాన్ని తీసుకొంటుంది. ఎండ వలన 7.8 నుండి 9 ఆంపియర్లకు పెరిగిన ఏసీకి, గోడ వద్ద 180 వోల్టులే ఉన్నచో, 9 × 230 ÷ 180 = 11.5 ఆంపియర్లు కావలసి వస్తుంది. స్టెబిలైజరు ఏసీని కాపాడుతుంది గాని, దాని వెనుకనున్న తీగపై భారాన్ని పెంచుతుంది.

ఈ మూడు కారణాలూ ఒకే రోజున, ఒకే వేళలో కలిసి వస్తాయి. 7.8 ఆంపియర్ల ఏసీ ఆ సమయంలో దాదాపు ఒకటిన్నర రెట్ల ప్రవాహాన్ని తీసుకొనవచ్చును. అందువలన లెక్కకు ఏసీ నామఫలకంపై గల గరిష్ఠ ప్రవాహపు అంకెను మాత్రమే గ్రహించవలెను. ఇన్వర్టర్ ఏసీలలోని ఎలక్ట్రానిక్ నియంత్రణ తన ప్రవాహాన్ని ఆ గరిష్ఠ విలువకు మించనీయదు. పాత పద్ధతి స్థిరవేగ ఏసీలలో ఇట్టి నియంత్రణ లేదు. పైగా అవి మొదలయ్యే క్షణంలో సాధారణ ప్రవాహానికి అనేక రెట్లు తీసుకొంటాయి. ఈ ఉధృతి అతి స్వల్పకాలం ఉంటుంది కనుక తీగను వేడెక్కించదు గాని ఎంసీబీ ఎంపికలో దానిని గమనించవలెను.

తీగల పరిమాణాలు

దుకాణాలలో రాగి తీగలు 90 మీటర్ల చుట్టలుగా లభిస్తాయి. వాటి పరిమాణాన్ని మధ్యచ్ఛేద వైశాల్యం ప్రకారం చదరపు మిల్లీమీటర్లలో చెబుతారు. వ్యవహారంలో చదరపు అన్న మాట వదిలి రెండున్నర ఎం.ఎం., నాలుగు ఎం.ఎం. అంటారు. ఇది తీగ వ్యాసం కాదని విద్యార్థులు గమనించవలెను. 40 డిగ్రీల పరిసర ఉష్ణోగ్రతలో, పైపు లోపల ఒక సింగిల్ ఫేజ్ జత తీగలు మోయగల ప్రవాహం, 20 డిగ్రీల వద్ద కిలోమీటరుకు గరిష్ఠ నిరోధం సుమారుగా ఈ విధంగా ఉంటాయి.

- 1.5 చ.మి.మీ.: 13 ఆంపియర్లు, 13.3 ఓంలు
- 2.5 చ.మి.మీ.: 18 ఆంపియర్లు, 7.98 ఓంలు
- 4 చ.మి.మీ.: 24 ఆంపియర్లు, 4.95 ఓంలు
- 6 చ.మి.మీ.: 31 ఆంపియర్లు, 3.30 ఓంలు
- 10 చ.మి.మీ.: 42 ఆంపియర్లు, 1.91 ఓంలు

తీగ కొనునపుడు దాని తయారీదారు ఇచ్చిన పట్టికను కూడా చూడవలెను. తీగపై ఐ.ఎస్. 694 ప్రమాణపు గుర్తు ఉండవలెను.

పాత ఇళ్ళలో గేజి పద్ధతి తీగలు కనిపిస్తాయి. ఉదాహరణకు 7/20 అనగా 20 గేజి పోగులు ఏడు కలిపిన తీగ. దాని వైశాల్యం సుమారు 4.6 చ.మి.మీ. అయితే అది అల్యూమినియం తీగ అయినచో జాగ్రత్త అవసరం. అల్యూమినియం నిరోధం రాగి కంటే సుమారు 1.6 రెట్లు ఎక్కువ. కనుక అల్యూమినియం 7/20 తీగ నిరోధంలో సుమారు 2.8 చ.మి.మీ. రాగి తీగతో సమానం. రాగి, అల్యూమినియం తీగలను నేరుగా మెలిపెట్టి కలిపిన చోట తుప్పు ఏర్పడి అతుకు వేడెక్కుతుంది. బాపట్ల, చీరాల వంటి సముద్రతీర ప్రాంతాల ఉప్పు గాలిలో ఇది మరింత త్వరగా జరుగుతుంది.

ఉష్ణోగ్రత సవరణ

పై పట్టిక 40 డిగ్రీలకు వర్తించేది. పరిసరాలు అంతకంటే వేడిగా ఉన్నపుడు తీగ 70 డిగ్రీలకు చేరుటకు మిగిలిన అంతరం తగ్గుతుంది. 40 డిగ్రీల వద్ద ఆ అంతరం 30 డిగ్రీలు. 50 డిగ్రీల వద్ద అది 20 డిగ్రీలు మాత్రమే. పుట్టే వేడి ప్రవాహపు వర్గాన్ని అనుసరించును కనుక, సవరణ గుణకం ఈ అంతరాల నిష్పత్తికి వర్గమూలం అవుతుంది. 20ని 30తో భాగించి వర్గమూలం తీసిన 0.82 వస్తుంది. ఇదే విధంగా 45 డిగ్రీలకు 0.91, 55 డిగ్రీలకు 0.71 వస్తాయి.

ఈ ప్రాంతంలో ఎక్కువ ఇళ్ళకు కాంక్రీటు శ్లాబులు ఉంటాయి, తీగల పైపులు ఆ శ్లాబులోనే ఇమిడి ఉంటాయి. పగలంతా ఎండకు కాగిన డాబా శ్లాబు గాలి కంటే ఎక్కువ వేడిగా ఉండి, ఆ వేడిని పొద్దుపోయిన తరువాత కూడా నిలుపుకొంటుంది. సరిగ్గా ఆ వేళకే పడకగదుల ఏసీలన్నీ మొదలవుతాయి. అందువలన ఇక్కడి లెక్కలకు కనీసం 50 డిగ్రీల గుణకాన్ని గ్రహించడం మంచిది. ఎండ పడని లోపలి గోడల వెంట పైపులు వేయగలిగితే మరింత మేలు.

ఒకే పైపులో ఒకటి కంటే ఎక్కువ ఏసీల తీగలు ఉన్నపుడు అవి ఒకదానినొకటి వేడెక్కిస్తాయి. రెండు జతలకు సుమారు 0.8, మూడు జతలకు 0.7 గుణకం వర్తిస్తుంది. ఒక్కొక్క ఏసీకి విడి పైపు వేసినచో ఈ నష్టం ఉండదు.

వోల్టేజి పతనం

తీగ పొడవునా కొంత వోల్టేజి ఖర్చవుతుంది. సింగిల్ ఫేజ్‌లో ప్రవాహం ఫేజు తీగలో వెళ్ళి న్యూట్రల్ తీగలో తిరిగి వస్తుంది కనుక పొడవును రెట్టింపు చేయవలెను.

వోల్టేజి పతనం = 2 × పొడవు × ప్రవాహం × మీటరుకు నిరోధం

వేడెక్కిన రాగి నిరోధం పెరుగుతుంది. 70 డిగ్రీల వద్ద అది 20 డిగ్రీల విలువకు సుమారు 1.2 రెట్లు ఉంటుంది. మొత్తం పతనం సరఫరా వోల్టేజిలో 3 శాతం, అనగా 6.9 వోల్టులు, దాటకుండా చూచుకొనడం మంచి పద్ధతి. బయటి లైనులోనే వోల్టేజి తక్కువగా ఉండే ఊళ్ళలో ఇంటి లోపల మరింత పోగొట్టుకొనడం ఏసీకి హానికరం.

ఎంసీబీ ఎంపిక

ఎంసీబీ ఏసీని కాపాడుతుందని చాలామంది భావిస్తారు. వాస్తవానికి దాని మొదటి పని తీగను కాపాడడం. ఎంసీబీలో రెండు యంత్రాంగాలు ఉంటాయి. మొదటిది వేడికి వంగే ద్విలోహపు పట్టీ. ఇది నెమ్మదిగా పెరిగే అధిక భారాన్ని గుర్తిస్తుంది. రెండవది విద్యుదయస్కాంతం. ఇది షార్ట్ సర్క్యూట్ ఏర్పడిన వెంటనే పనిచేస్తుంది.

గృహ ఎంసీబీ తన సామర్థ్యానికి 1.13 రెట్ల ప్రవాహాన్ని గంటసేపు భరిస్తుంది. 1.45 రెట్ల వద్ద గంటలోపల తప్పక పడిపోవలెను. విద్యుదయస్కాంతం బి రకంలో సామర్థ్యానికి 3 నుండి 5 రెట్ల మధ్య, సి రకంలో 5 నుండి 10 రెట్ల మధ్య పనిచేస్తుంది. 16 ఆంపియర్ల సి రకం ఎంసీబీ 80 ఆంపియర్ల లోపు క్షణిక ఉధృతికి వెంటనే పడిపోదు. అందుచేత ఏసీలకు సి రకం వాడుతారు.

ఎంసీబీల అంకెలు 30 డిగ్రీల వద్ద నిర్ణయింపబడినవి. ఎండ తగిలే మెట్ల గోడపై మూసిన పెట్టెలో అవి ముందుగానే పడిపోతాయి. కనుక సబ్ బోర్డును నీడలో, గాలి ఆడే చోట అమర్చి, ఎంసీబీల మధ్య కొంత ఖాళీ విడువవలెను.

లెక్కకు ఉదాహరణ

ఒక రెండంతస్తుల ఇంటిలో పై అంతస్తున మూడు ఒకటిన్నర టన్ను ఇన్వర్టర్ ఏసీలు ఉన్నవనుకొందాము. ఒక్కొక్కదాని గరిష్ఠ ప్రవాహం 10 ఆంపియర్లు. గేటు వద్ద గల మెయిన్ బోర్డు నుండి సబ్ బోర్డుకు 25 మీటర్లు, సబ్ బోర్డు నుండి దూరపు ఏసీకి 12 మీటర్లు.

శాఖా తీగ: 10 ఆంపియర్లకు 16 ఆంపియర్ల సి రకం ఎంసీబీ. 2.5 చ.మి.మీ. తీగ పట్టిక ప్రకారం 18 ఆంపియర్లు మోయగలదు. అయితే 50 డిగ్రీల వద్ద 18 × 0.82 = 14.8 ఆంపియర్లు మాత్రమే. ఇది ఎంసీబీ అంకె కంటే తక్కువ కనుక పనికిరాదు. 4 చ.మి.మీ. తీగ 24 × 0.82 = 19.7 ఆంపియర్లు. ఇది సరిపోతుంది. అయితే రెండు ఏసీల తీగలను ఒకే పైపులో వేసినచో 19.7 × 0.8 = 15.8 అయి మరల చాలకుండా పోతుంది. కనుక విడి పైపులు అవసరం.

ఫీడరు: మే నెల రాత్రి మూడు ఏసీలు ఒకేసారి నడుస్తాయి. కనుక కొన్నియే నడుస్తాయని తగ్గింపు ఇచ్చుకొనరాదు. మొత్తం 30 ఆంపియర్లు, ఎంసీబీ 32 ఆంపియర్లు. 6 చ.మి.మీ. తీగ 31 × 0.82 = 25.4 మాత్రమే. 10 చ.మి.మీ. తీగ 42 × 0.82 = 34.4. కనుక 10 చ.మి.మీ. కావలెను.

వోల్టేజి పతనం: ఫీడరులో 2 × 25 × 30 × 0.00229 = 3.4 వోల్టులు. శాఖా తీగలో 2 × 12 × 10 × 0.00594 = 1.4 వోల్టులు. మొత్తం 4.8 వోల్టులు, అనగా 2.1 శాతం. ఇది పరిమితికి లోబడి ఉన్నది.

ఇదే ఫీడరును పొదుపు కోసం 4 చ.మి.మీ. తీగతో వేసినచో 8.9 వోల్టులు పోతాయి. ఆ పోయిన వోల్టేజి వేడిగా మారుతుంది. 30 ఆంపియర్ల వద్ద అది సుమారు 267 వాట్లు. 10 చ.మి.మీ. తీగలో ఇది 103 వాట్లు మాత్రమే. గోడలో ఎవరికీ కనబడకుండా పుట్టే ఈ వేడికి మీటరులో ఖరీదు కూడా పడుతుంది. పూర్తి భారంతో ఆరు గంటలు నడిచినచో ఈ రెండింటి తేడా దాదాపు ఒక యూనిట్టు.

ఇన్వర్టర్ ఏసీలకు బదులు స్టెబిలైజరుతో నడిచే స్థిరవేగ ఏసీలైనచో, ముందు చూపిన విధంగా ఒక్కొక్కటి 11.5 చొప్పున 34.5 ఆంపియర్లు కావచ్చును. అపుడు 40 ఆంపియర్ల ఎంసీబీ, దానికి 10 చ.మి.మీ. తీగ చాలక 16 చ.మి.మీ. తీగ అవసరమవుతాయి.

మూడు ఫేజుల పద్ధతి

ఏసీలు ఎక్కువైనపుడు త్రీ ఫేజ్ కనెక్షను తీసుకొని ఒక్కొక్క ఫేజుకు ఒక్కొక్క ఏసీని కలపడం మేలు. అపుడు పై ఉదాహరణలో ఒక్కొక్క ఫేజు తీగలో 10 ఆంపియర్లు మాత్రమే ప్రవహిస్తాయి. భారాలు సమానంగా ఉన్నపుడు న్యూట్రల్‌లో ప్రవాహం చాలా తగ్గుతుంది. ఇది వీధికి కూడా మేలు. గ్రామాలలో సాధారణమైన 25 కె.వి.ఎ. ట్రాన్స్‌ఫార్మరు ఒక ఫేజుకు సుమారు 33 ఆంపియర్లు మాత్రమే ఇవ్వగలదు. ఒకే ఇంటి మూడు ఏసీలు ఒకే ఫేజుపై 30 ఆంపియర్లు తీసుకొన్నచో ఆ ఫేజుపై గల మిగిలిన ఇళ్ళకు మిగిలేది స్వల్పం.

ఈ పద్ధతిలో న్యూట్రల్ తీగను సన్నగా వేయరాదు, దాని బిగింపు వదులు కారాదు. న్యూట్రల్ తెగినచో 230 వోల్టుల సాధనాలపై 400 వోల్టుల వరకు వోల్టేజి పడి అవి కాలిపోయే ప్రమాదం కలదు.

ఎర్తింగు మరియు నల్లరేగడి నేల

ఏసీ బయటి పెట్టె లోహంతో చేయబడి, వానకు తడిసే చోట ఉంటుంది. కనుక ప్రతి ఏసీకి ఎర్తు తీగ తప్పనిసరి. గృహాలలో వాడే 16 చ.మి.మీ. వరకు గల పరిమాణాలలో ఎర్తు తీగను ఫేజు తీగతో సమానమైన మందంలో వేయడం నియమం.

ఈ మైదానాలలో చాలా భాగం నల్లరేగడి నేల. తడిగా ఉన్నపుడు ఈ నేల విద్యుత్తుకు మంచి వాహకం. అయితే వేసవిలో ఎండి, కుంచించుకొని, పెద్ద నెర్రెలు విచ్చుతుంది. అపుడు ఎర్తు గొట్టం చుట్టూ మట్టి విడిపోయి నిరోధం పెరుగుతుంది. అనగా ఏసీలు ఎక్కువగా నడిచే నెలలలోనే ఎర్తు బలహీనపడుతుంది. ఎర్తు గుంతలో బొగ్గు, ఉప్పు వేసి, ఎండాకాలంలో క్రమంగా నీరు పోయడం అందుకే అవసరం. గొట్టాన్ని తడి నిలిచే లోతు వరకు దింపవలెను.

ఎర్తుతో పాటు 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండవలెను. ఇది ఫేజు, న్యూట్రల్ ప్రవాహాల మధ్య తేడాను గమనించి, మనిషి ద్వారా గాని మరేదైనా దారిలో గాని విద్యుత్తు నేలకు పోతున్నపుడు సరఫరాను ఆపుతుంది. ఇన్వర్టర్ ఏసీలకు ఏ రకం ఆర్‌సీసీబీ తగినది. ఆర్‌సీసీబీ అధిక భారాన్ని గుర్తించలేదు కనుక అది ఎంసీబీకి ప్రత్యామ్నాయం కాదు.

తరచుగా జరిగే పొరపాట్లు

- ఎంసీబీ మాటిమాటికి పడిపోతున్నదని 16 ఆంపియర్లకు బదులు 32 ఆంపియర్లది వేయడం. తీగ మారనంత వరకు ఇది అత్యంత ప్రమాదకరం. 2.5 చ.మి.మీ. తీగపై 32 ఆంపియర్ల ఎంసీబీ, తీగ సామర్థ్యానికి రెట్టింపు ప్రవాహాన్ని కూడా ఆపదు. ఎంసీబీ పడిపోవడం వ్యాధి కాదు, వ్యాధి లక్షణం. ముందుగా ఏసీ బయటి పెట్టెను శుభ్రపరచి, వోల్టేజిని, బిగింపులను, పెట్టె వేడిని పరీక్షించవలెను.
- పాత ఫ్యూజు గిన్నెలో పోగులు రెట్టించి చుట్టడం. దీని ఫలితం కూడా అదే.
- ఏసీని ఎక్స్‌టెన్షన్ బోర్డుకు గాని, వదులైన 16 ఆంపియర్ల ప్లగ్గుకు గాని తగిలించడం. వదులైన చోట నిరోధం పెరిగి ప్లగ్గు నల్లబడి కాలుతుంది. ఏసీకి లోహపు ఏసీ బాక్సు లేదా నేరుగా ఐసొలేటరు అమర్చడం మేలు.
- ఫేజుకు లావు తీగ వేసి, న్యూట్రల్‌ను పాత సన్న తీగకే కలపడం. రెండింటిలోను ప్రవహించేది ఒకే ప్రవాహం.
- గోడ లోపల, పైపు మధ్యలో అతుకులు వేయడం. అతుకులు జంక్షన్ బాక్సులలో మాత్రమే ఉండవలెను.

నిబంధనలు, పరీక్షలు

గృహ వైరింగునకు ఐ.ఎస్. 732, ఎర్తింగునకు ఐ.ఎస్. 3043 భారతీయ ప్రమాణాలు. ఐ.ఎస్. 732 2019లోను, జాతీయ విద్యుత్ స్మృతి 2023లోను సవరింపబడినవి. భద్రతా నియమాలు మొదట 1956 నాటి భారత విద్యుత్ నియమావళిలో ఉండేవి. వాటి స్థానంలో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ నిబంధనలు 2010లోను, తిరిగి 2023లోను వచ్చినవి. వైరింగు పనిని లైసెన్సు గల కాంట్రాక్టరు, పర్మిట్టు గల వైర్‌మన్ ద్వారా చేయించవలెను. ఏసీలు పెరిగినపుడు పంపిణీ సంస్థకు దరఖాస్తు చేసి మంజూరైన లోడును పెంచుకొనవలెను. ఇది జరిమానాను తప్పించుటకే గాక, వీధి ట్రాన్స్‌ఫార్మరును తగిన సామర్థ్యంలో ఉంచుటకు కూడా అవసరం.

పని పూర్తయిన తరువాత, సరఫరా ఇచ్చుటకు ముందు, 500 వోల్టుల మెగ్గరుతో తీగల ఇన్సులేషన్ నిరోధాన్ని కొలుస్తారు. అది 1 మెగా ఓం కంటే తగ్గరాదు. ఎర్తు తీగ ఎక్కడా తెగకుండా ఉన్నదని, ఆర్‌సీసీబీ పరీక్షా బటన్ నొక్కగానే పడిపోతున్నదని నిర్ధారించుకొంటారు. ఏసీలు పూర్తి భారంతో గంటసేపు నడిచిన తరువాత క్లాంపు మీటరుతో ప్రవాహాన్ని, సబ్ బోర్డు వద్ద వోల్టేజిని కొలిచి బోర్డు తలుపు లోపల రాసి ఉంచడం మంచి అలవాటు. ఈ కొలతను ఏటా వేసవి ప్రారంభంలో, బయటి పెట్టెలను శుభ్రపరచి, బిగింపులను సరిచూసిన తరువాత తిరిగి తీసినచో, వైరింగులో గాని ఏసీలో గాని వస్తున్న మార్పు ముందుగానే తెలుస్తుంది.